వెనక్కి జారని బండి

మా బావకు నేనంటే మొదటినుంచీ పడదు. నాకూ ఆయనంటే పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పబోయేది సులువవుతుంది.

బావ అంటే నా భర్తకు అన్న. వాళ్ల బాపు, అంటే నాన్న, బొగ్గుబాయిలో పని చేస్తూ పోయాడు. నా భర్త అప్పటికింకా చిన్నవాడు. బావే లారీ ఎక్కి, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల నుంచి పత్తి బేళ్లు తోలి తమ్ముణ్ని చదివించాడు. అది నిజం, దాన్ని నేనెన్నడూ కాదనలేదు. కానీ ఆ నిజం మా ఇంట్లో తాళంకప్పలా పనిచేసేది. బావ నన్ను ఏమన్నా నా భర్త నోటికి ఆ తాళం పడిపోయేది. "అన్న గట్లనే అంటడు, నువ్వు మనసుల పెట్టుకోకు" అనేవాడు. అన్నవన్నీ కిందికి రాలిపోవడానికి నా మనసు జల్లెడ కాదు.

మేముండేది కరీంనగర్‌లో. నా భర్తకు కోర్టు దగ్గర జిరాక్స్ దుకాణం ఉంది. నేను ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. నన్ను ఆదిలాబాద్ బదిలీ చేసినప్పుడు అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని, సెలవు దొరికినప్పుడల్లా ఇంటికి వచ్చిపోయేదాన్ని. బస్సులు మారుతూ, నిలబడుతూ వచ్చిపోయి నడుము పడిపోయింది. కారు నేర్చుకుంటానన్నాను. డ్రైవింగ్ స్కూల్లో చేరతానంటే నా భర్త అడ్డుపడ్డాడు.

"ఇంట్ల గంత పెద్ద డ్రైవర్ ఉండంగ బయటోని దగ్గర నేర్సుకుంటే అన్న ఏమనుకుంటడు?"

అన్న ఏమీ అనుకోకూడదు కాబట్టి అన్న దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టాను.

బావకు ఒక పాత కారు ఉంది. చదును రోడ్డు మీద నడపడం నాకు తొందరగానే వచ్చింది. చిక్కంతా ఎత్తు దగ్గర వచ్చింది. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించాలంటే కుడికాలు బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీదికి పోవాలి. కాలు ఇటూ కాకుండా అటూ కాకుండా గాలిలో ఉన్నప్పుడే బండి వెనక్కి జారుతుంది. ఎడమకాలితో క్లచ్‌ను సగంలో పట్టి ఆ జారుడును ఆపాలి. ఇది నోటితో చెబితే వచ్చేది కాదు, కాలికి అలవాటు కావాలి. అలవాటు కావాలంటే పక్కనున్నవాడు కాస్త ఊరుకోవాలి.

బావ ఊరుకునే మనిషి కాదు. మానేరు డ్యాం కట్ట ఎక్కే రోడ్డు మీద బండి ఆపించేవాడు. నేను బ్రేకు వదలకముందే డాష్‌బోర్డు మీద అరచేత్తో బాదుతూ అరిచేవాడు.

"ఎన్కకు పోతుంది! ఎన్కకు పోతుంది! కాలు సచ్చుబడ్డదా?"

ఆ చప్పుడుకు నా కాలు నిజంగానే సచ్చుబడేది. ఒక సాయంత్రం బండి బాగా జారింది. బావ హ్యాండ్‌బ్రేక్ గుంజి, "దిగు" అన్నాడు. దిగాను. కట్ట మీదికి గాలి కోసం వచ్చిన జనం, మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె, అందరూ చూస్తున్నారు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి వాళ్లకే చెప్పాడు.

"గవర్నమెంట్ నౌకరి జేస్తదట. గింత ఎత్తు ఎక్కిచ్చుడు రాదు."

ఎవరో నవ్వారు. నేను మళ్లీ ఆ కారు ఎక్కలేదు. ఆటోలో ఇంటికి వచ్చి, మరునాడు డ్రైవింగ్ స్కూల్లో చేరాను. తమ్ముడి పెళ్లాం తన పరువు తీసిందని బావ చాలాకాలం మా గడప తొక్కలేదు. అది నాకు దొరికిన సెలవు.

లైసెన్స్ వచ్చాక కారు కొనడానికి పోయాను. షోరూంలో పిల్లాడు ఆటోమేటిక్ తీసుకోమన్నాడు, రోజూ నడిపేవాళ్లకు సుఖంగా ఉంటుందన్నాడు. అన్ని తిట్లు తిని నేర్చుకున్న గేర్లను వదలడానికి నాకు మనసొప్పలేదు. అయితే గేర్ల బండిలోనే హిల్ అసిస్ట్ ఉన్నది తీసుకోండి మేడం అన్నాడు. అదేమిటో నాకు తెలియలేదు. ఎత్తు మీద బ్రేకు తొక్కి ఆపిన తర్వాత మీరు కాలు తీసినా, బండే కాసేపు బ్రేకును పట్టుకుని ఉంటుంది, ఆలోపు క్లచ్ లేపి యాక్సిలరేటర్ ఇచ్చుకోవచ్చు అన్నాడు. నేను నమ్మలేదు. ఎత్తు ఉన్నచోటికి తీసుకుపొమ్మన్నాను.

రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతూ సగంలో ఆపాను. కాలు తీశాను. బండి కదల్లేదు. ఒక ఊపిరి తీసుకుని వదిలేంత సేపు అలాగే నిలబడింది. అంతే, తర్వాత మెల్లగా జారబోయింది. మళ్లీ ఆపి, ఈసారి ఆ ఊపిరి లోపలే క్లచ్ లేపాను. ముందుకు పోయింది. అది బండిని నా బదులు నడపలేదు, ఎప్పటికీ పట్టుకునీ ఉండదు. నా కాలికి కావాల్సిన కాస్త వ్యవధి ఇచ్చింది, అరవకుండా ఇచ్చింది. ఆ బండే తీసుకున్నాను.

కారు చూడటానికి బావ వచ్చాడు. చుట్టూ తిరిగాడు. టైరును కాలితో తన్నాడు.

"గదేందో ఉన్నదట గదా, ఎత్తుల మీద బండిని ఆపేది?"

ఉందన్నాను. ఎలా పనిచేస్తుందో చెప్పబోయాను. ఆయన వినలేదు.

"అంటే నీకు నడుపరాదని బండికి గూడ ఎర్కైందన్నట్టు."

నా భర్త నవ్వాడు. ఆయన నవ్వడమే నాకు ఎక్కువ మండింది. "నడుపరానోళ్ల కోసం కాదు బావా, ఎన్క బండ్లున్నోళ్ల కోసం" అన్నాను. బావ నా వైపు చూడకుండా, "కుంటోని చేతిల కట్టె" అని తమ్ముడికి చెప్పి చాయ్ తాగకుండానే పోయాడు.

తర్వాత నిరుడు పత్తి ఏరే కాలంలో ఆదిలాబాద్‌లో వాళ్ల మేనత్త పోయింది. నేను సెలవుకు కరీంనగర్ వచ్చి ఉన్నాను, పెద్దకర్మకు అందరం పోవాలి. బావ కారు షెడ్డులో ఉంది, ఇంజను విప్పి పెట్టారు. గత్యంతరం లేక నా కారు ఎక్కాడు. ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. వెనక నా భర్త, మా యారాలు. యారాలంటే బావ భార్య, నా తోడికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. ఆమె గురించి చెప్పడానికి అప్పటిదాకా నా దగ్గర ఏమీ లేదు. ఆమె మాట్లాడేది కాదు. బావ గొంతు లేస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసేది. ఆ రోజు నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు ఒదిగి కూర్చుంది.

జగిత్యాల దాకా బావ నా గేర్లకు వంక పెట్టాడు. నిర్మల్ దాకా హారన్ కొట్టడానికి వంక పెట్టాడు. నిర్మల్ దాటాక పోలీసులు బండ్లన్నిటినీ పాత ఘాట్ రోడ్డుకు మళ్లిస్తున్నారు, కొత్త రోడ్డు మీద ట్యాంకరేదో అడ్డంగా పడిందట. ఘాట్ సగం ఎక్కేసరికి వరుస ఆగిపోయింది. మా ముందు పత్తి లారీ, మా వెనక బస్సు. లారీ కొంచెం కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. ఎడమవైపు లోయ.

లారీ కదిలింది. నేను బ్రేకు వదిలి క్లచ్ లేపుతున్నాను. బండి నిలబడే ఉంది, కొంచెం కూడా జారలేదు. అంతలో కర్రుమని చప్పుడు. బావ చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేక్ గుంజాడు. బండి ఒక్క కుదుపుతో బంద్ అయింది. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

"ఎందుకు గుంజిండ్రు?"

"నేను గుంజకుంటే బస్సుకు తాకుదువు."

"బండి జారలే బావా. దీన్ల జారదు. ముట్టకుండ్రి."

మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ లారీ కదిలింది, మళ్లీ నేను క్లచ్ లేపాను, మళ్లీ ఆయన గుంజాడు. బస్సు కండక్టర్ దిగి వచ్చి అద్దం మీద కొట్టాడు. "ఏం మేడం, గీడ సంసారం పెడ్తరా?" అన్నాడు. నేను అద్దంలో నా భర్త వైపు చూశాను. ఆయన లోయలోకి చూస్తున్నాడు. అంత శ్రద్ధగా చూడటానికి అక్కడ టేకుచెట్లు తప్ప ఏమీ లేవు.

నాకు ఏడుపు రాలేదు. కొంచెం ముందుకు తెచ్చి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు ఆపి, ఇంజను బంద్ చేసి, తాళంచెవి తీసి బావ ఒళ్లో పడేశాను.

"మీరే నడుపుండ్రి."

"గట్ల మొదలే అంటే అయిపోవు" అన్నాడు. సీటు మారాం. ఆయనకు చెప్పాల్సింది ఒక్కటుంది, చెప్పాను.

"బావా, ఇది మీ బండి లెక్క ఎన్కకు జారది. రేస్ ఎక్కువ ఇయ్యకుండ్రి."

"నాకు జెప్తున్నవా? గీ ఘాట్ల నేను తోలిన లోడ్లు నీ ఎంట్రుకలంత."

మేము పక్కకు తీసి సీట్లు మారేలోపు ఆ లారీ ఎంతో దూరం పోలేదు. పాత చోటే, ఆ లారీ వెనకే దూరాం. వరుస ఆగింది. బావ బ్రేకు తొక్కి నిలబెట్టాడు. లారీ తోకకూ మాకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంచాడు. పాత డ్రైవర్లు అలాగే దగ్గరికి పోతారు, ఎవడూ మధ్యలో దూరకుండా.

లారీ ఇంకా కదలనే లేదు, కదలబోతోందని బావ అనుకున్నాడు. బ్రేకు వదిలి, బండి ఎలాగూ వెనక్కి దిగుతుందని లెక్క వేసుకుని, ఆ దిగుడును కొట్టేసేంత బలంగా యాక్సిలరేటర్ తొక్కి క్లచ్ వదిలాడు. లారీలకూ ఆయన పాత కారుకూ సరిపోయే లెక్క అది. ఈ బండి దిగలేదు. నిలబడి ఉండి, ఆ రేస్ అంతా అందుకుని ఒక్కసారి ముందుకు ఎగిరింది. లారీ వెనక ఇనుపపట్టీకి పోయి కొట్టుకుంది. బంపర్ చీలింది. ఒక లైటు పగిలి రోడ్డు మీద పడింది. అక్క ఒళ్లోని సీసా నా మెడ వెనక నుంచి వచ్చి పడింది.

లారీలోంచి పడుచు డ్రైవర్ దిగాడు. మహారాష్ట్ర బండి.

"దిసత్ నాయి కా, కాకా?" అన్నాడు మరాఠీలో, కనబడటం లేదా అని. బావ అద్దం దించి ఏదో అనబోయాడు. వాడు తెలుగులోకి మారాడు.

"ఆగి ఉన్న లారీని గుద్దుతరా ఎవలన్న? ఇంతసేపు గామె తోలింది గదా, అద్దంల సూస్తనే ఉన్న. గామెకియ్యి బండి."

"అరే, నీ అంత ఉన్నప్పటి సంది గీ ఘాట్ల తోలుతున్న నేను" అన్నాడు బావ.

"అయితే గప్పుడే ఆపేస్తుంటివి" అన్నాడు వాడు. లారీని చూసుకున్నాడు. దానికి గీత కూడా పడలేదు. పోయి ఎక్కాడు.

బావ మెడ వెనక నరాలు లేచి ఉన్నాయి. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది, కానీ కలగలేదు. ఎండాకాలంలో చల్లటి నీళ్లు గొంతు దిగినట్టు ఉంది. డ్రైవర్ సీటు దగ్గరికి పోయి తలుపు తీసి నిలబడ్డాను. ఆయన దిగి, నా ముఖం చూడకుండా వెనక సీట్లోకి పోయాడు. ముందుకు ఎవరూ రాలేదు. మిగతా దారి నేనే నడిపాను.

ఆదిలాబాద్‌లో పెద్దకర్మ ఇంట్లో మగవాళ్లు బంతి కూర్చున్నారు. పగిలిన లైటు చూసి ఎవరో అడిగారు, ఏమైందని. నేను కూరగిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాను. బావ విస్తరి ముందు కూర్చుని, బంతి మొత్తానికీ వినబడేటట్టు చెప్పాడు.

"మరదలు తోలింది. ఘాట్ల లారీకి పెట్టింది. నేను హ్యాండ్‌బ్రేక్ గుంజిన గాబట్టి పానాలతోని వచ్చినం."

తలలన్నీ నా వైపు తిరిగాయి. ఒక ముసలామె, "ఆడోళ్లకెందుకు బిడ్డా గీ తిప్పలు" అంది. నేను నా భర్త వైపు చూశాను. రెండు విస్తళ్ల అవతల కూర్చుని ఉన్నాడు. అన్నంలో పప్పు కలుపుతున్నాడు, కలిపిందే మళ్లీ కలుపుతున్నాడు. చావింట్లో గొడవ ఎందుకని నేను గిన్నె పట్టుకుని ముందుకు పోబోయాను.

"గుద్దింది నువ్వు."

ఎవరన్నారో నాకు ముందు అర్థం కాలేదు. ఆ గొంతును అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. అక్క అన్నం తట్ట పట్టుకుని బావ ఎదురుగా నిలబడి ఉంది.

"ఏందే?"

"గుద్దింది నువ్వు, చెల్లె కాదు. ఎన్క కూసొని సూసిన. చెల్లె మంచిగనే తోలింది. గామె తోలుతుంటే నువ్వు గుంజినవు, నీకిస్తే నువ్వు గుద్దినవు."

"నోర్ముయ్."

"గిన్నేండ్లు మూసుకున్న. బండిల గూడ మూసుకున్న. సావుకూడు తినుకుంట అబద్ధం ఆడకు."

బావ విస్తరి అవతలికి నెట్టి లేచాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు. వాకిట్లోంచి అరిచాడు, "రా పోదాం" అని. పిలిచింది అక్కనని అందరికీ తెలుసు. అక్క తట్టలోంచి అన్నం తీసి పక్క విస్తట్లో వడ్డించింది. లేచినవాడు నా భర్త. "అన్న ఒక్కడే పోతుండు" అని నాతో చెప్పి వెంట పోయాడు. ఇద్దరూ బస్సులో కరీంనగర్ పోయారు. నేను ఆపలేదు. పోయేవాళ్లను ఆపే ఓపిక ఆ రోజు నాకు లేదు.

అక్క నాతోపాటు నా గదికి వచ్చింది. నాలుగు రోజులుంటుందనుకున్నాను. సగం చలికాలం ఉండిపోయింది. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి జొన్నరొట్టెలు చేసి పెట్టేది. బావ ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. ఒక సాయంత్రం కొత్త బంపర్ వేయించిన కారు దగ్గర నిలబడి అడిగింది.

"చెల్లె, గిది ఎన్కకు పోకుంట ఎట్ల ఆగుతది?"

"నేర్సుకుంటవా?"

"నవ్వుతవేమో అని అడుగలే."

లర్నింగ్ లైసెన్స్ తెప్పించాను. ఊరి బయట ప్లాట్లు చేసి వదిలేసిన మైదానంలో గేర్లు నేర్పాను. స్టీరింగ్ పట్టుకుంటే ఆమె నుదుటి మీద చలిలో కూడా చెమట పట్టేది. చదును మీద చెయ్యి కుదిరాక ఒక ఉదయం వాగు మీది వంతెన దగ్గరికి తీసుకుపోయాను. ఎత్తు సగంలో ఆపమన్నాను.

"అక్కా, బ్రేకు తీసినంక ఇది జర సేపే ఆగుతది. గంతల క్లచ్ లేపాలె."

"జర సేపు ఆగితే సాలు" అంది. "నాకోసం గంత సేపు గూడ ఎవ్వలు ఆగలే."

మొదటిసారి ఆలస్యం చేసింది. బండి ఒక మూరెడు జారింది. గభాలున బ్రేకు తొక్కి, భుజాలు పైకి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుంది. ఆమె ఎందుకలా చేసిందో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. తిట్టు కోసం ఎదురుచూస్తోంది. వెనక ఎవరూ లేరు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎంతకూ ఏమీ రాకపోయేసరికి ఒక కన్ను తెరిచింది.

"ఏమనవా?"

"ఏమంట? మళ్ల జెయ్యి."

మళ్లీ చేసింది. బండి వంతెన ఎక్కింది. అవతలి గట్టు మీద ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "గిదేనా, గింతేనా?" అంది. ఆమెకు దుఃఖం కంటే కోపం ఎక్కువ ఉన్నట్టు నాకనిపించింది. నాకూ కోపం వచ్చింది. ఇంత చిన్న పనిని ఇంటి మగవాళ్లు ఎంత పెద్ద కొండ చేసి మా ముందు పెట్టారు!

ఆ సంగతి ఎలాగో కరీంనగర్ చేరింది. బావ ఈసారి నాకే ఫోన్ చేశాడు.

"నువ్వు నా ఇల్లు కరాబ్ జేసినవ్."

"అక్కకియ్యాల్నా ఫోను?" అన్నాను. పెట్టేశాడు.

చివరికి అక్క తన ఇంటికి తానే పోయింది, ఎవరూ తీసుకుపోలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎలా ఉందని అడిగితే, "అరుస్తడు, నేను గూడ అరుస్తున్న" అంటుంది. ఆయన పాత కారు తాళంచెవి మాత్రం ఇవ్వడట. ఆమె కూడా అడగదట. నెలకొకసారి బస్సులో ఆదిలాబాద్ వచ్చి నా బండి నడుపుతుంది. బావ నాతో మాట్లాడడు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాడు. నేనూ తిప్పుకుంటాను. కలిపేద్దామని చుట్టాలు ఒకటి రెండుసార్లు చూశారు, ఇద్దరం కలవలేదు.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు నా భర్తను కోర్టు దగ్గర దుకాణం ముందు దించాను. ఆయన తలుపు తీసి కూడా దిగకుండా కూర్చున్నాడు.

"గా రోజు నేను మాట్లాడాల్సి ఉండె" అన్నాడు.

"అవు" అన్నాను.

ఇంకేమన్నా అంటానేమోనని చూశాడు. నేను గేరు వేశాను. దిగిపోయి దుకాణం షట్టరు ఎత్తుకున్నాడు.